ఈ పీరియడ్‌లో పిల్లలు ఎన్ని వాక్యాలు అన్నారు?

ఇంగ్లీషు బోధన గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఆరింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఎక్కువ ఉత్తరాలు ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల నుంచి వచ్చాయి కాబట్టి, యాభై అరవై మంది పిల్లలు, ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క ఉన్న గదిలో చేయగలిగిన పనులనే చెబుతున్నాను.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతిలో 60 మంది ఉన్నారు. పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు రాయిస్తే చక్కగా అప్పజెబుతారు. పరీక్షలో కూడా రాస్తారు. కానీ "వాట్ డిడ్ యూ ఈట్ దిస్ మార్నింగ్?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. వీళ్ళ చేత మాట్లాడించడం ఎలా? — స్కూల్ అసిస్టెంట్, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఒక చిన్న లెక్క వేసి చూడండి. పీరియడ్ 45 నిమిషాలు అనుకుందాం. హాజరు, పుస్తకాలు తీయించడం, పాఠం చదవడం, అర్థం చెప్పడం, బోర్డు మీద రాయడం అన్నీ కలిపి 30 నిమిషాలు మీ గొంతే వినిపిస్తుంది. మిగిలిన 15 నిమిషాలను 60 మందికి పంచితే తలకు 15 సెకన్లు వస్తాయి. అది కూడా అందరికీ దక్కదు, ముందు బెంచీలో కూర్చున్న నలుగురైదుగురికే పోతుంది. అంటే వెనుక కూర్చున్న పిల్లవాడు ఏడాది పొడవునా మీ తరగతిలో ఇంగ్లీషు విన్నాడే తప్ప ఒక్క సొంత వాక్యం అనవలసిన అవసరమే రాలేదు. దాన్ని బిడియం అనడం కన్నా అవకాశం లేకపోవడం అనడమే న్యాయం. అదే పిల్లలను పక్కపక్క వాళ్ళతో జతలుగా చేసి పది నిమిషాలు మాట్లాడుకోమంటే ముప్ఫై జతలు ఒకేసారి పనిలో ఉంటాయి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరుకుతాయి. 15 సెకన్లకూ ఐదు నిమిషాలకూ ఉన్న తేడాయే మీ ప్రశ్నకు సగం జవాబు.

మిగతా సగం, ఆ ఐదు నిమిషాలు ఏం మాట్లాడాలన్నది. "పక్కవాడితో ఇంగ్లీషులో మాట్లాడు" అంటే ఏ పిల్లవాడూ మాట్లాడడు. పక్కవాడి దగ్గర తనకు లేని సమాచారం ఉండాలి, అది తెలిస్తే తప్ప తన పని పూర్తి కాకూడదు. ఈ ఆలోచనను ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా దక్షిణ భారతంలోని మామూలు బడులలోనే ప్రయోగించి చూశారు. ముందే వ్యాకరణ సూత్రాలు చెప్పి వల్లె వేయించకుండా, పిల్లల ముందు ఒక సమస్య పెట్టి, దాన్ని ఇంగ్లీషులో తేల్చుకోమనడం ఆయన పద్ధతి. వాళ్ళు వాడిన సామగ్రిలో రైళ్ళ వేళల పట్టికలు, ఊరి పటాలు ఉండేవి. విదేశీ తరగతి గదులలో పుట్టిన పద్ధతులు మన పెద్ద తరగతులకు కుదరవని అనుకునేవారు ఈ ప్రయోగాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఇది మన గదులలోనే రూపుదిద్దుకున్నది.

నేను చాలా ఏళ్ళు వాడిన పాఠం ఒకటి వివరంగా చెబుతాను. బస్సుల పట్టికను రెండు రకాలుగా రాసుకోండి. మొదటి పట్టికలో బయలుదేరే వేళలు ఉంటాయి, టికెట్ ధరలు ఖాళీగా ఉంటాయి. రెండో దానిలో ధరలు ఉంటాయి, వేళలు ఖాళీగా ఉంటాయి. జిరాక్సుకు డబ్బు లేకపోతే బోర్డుకు ఒక పక్క మొదటి పట్టిక రాసి ప్రతి జతలో ఎడమ వైపు కూర్చున్న పిల్లలను నోటు పుస్తకంలో ఎక్కించుకోమని, దాన్ని చెరిపేసి రెండోది కుడి వైపు పిల్లలకు రాయండి. పట్టిక ఇలా ఉంటుంది: పల్లెవెలుగు 7:30కి బయలుదేరి 9:15కు పట్నం చేరుతుంది, టికెట్ 45 రూపాయలు. ఎక్స్‌ప్రెస్ 8:10కి బయలుదేరి 9:20కి చేరుతుంది, టికెట్ 60 రూపాయలు. ఇంకో పల్లెవెలుగు 8:20కి బయలుదేరి 10:05కు చేరుతుంది, టికెట్ 45 రూపాయలే. పని మొదలుపెట్టే ముందు అందరితో కలిసి ఏడెనిమిది నిమిషాలు "వాట్ టైమ్ డజ్ ఇట్ లీవ్?", "హౌ మచ్ ఈజ్ ది టికెట్?" వంటి ప్రశ్నలు, జవాబులు నోటితో అనిపించండి. ఈ మెట్టు మానేస్తే జతల పని కుప్పకూలుతుంది.

తరువాత జతలు ఒకరినొకరు అడిగి ఖాళీలు నింపుకుంటారు. ఆ పని అయ్యాక అసలు సమస్య ఇవ్వండి. అన్నయ్య తాతయ్యను పది గంటలకల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, బస్టాండు నుంచి ఆసుపత్రికి 20 నిమిషాల నడక, చేతిలో 100 రూపాయలే ఉన్నాయి, ఏ బస్సు ఎక్కాలి? ఎక్స్‌ప్రెస్‌కు ఇద్దరికీ 120 రూపాయలు అవుతుంది, రెండో పల్లెవెలుగు ఆలస్యమవుతుంది. ఈ రెండు కారణాలూ చెప్పడానికి "బికాజ్" తప్పనిసరిగా నోటికి వస్తుంది. సమస్యలో తాతయ్య బదులు నాన్నమ్మ అని రాస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా అని పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ఆ వాదన కూడా ఇంగ్లీషులోనే సాగనివ్వండి.

ఈ పాఠం నడుస్తున్నప్పుడు ఒకసారి, మూడు నెలలుగా నా తరగతిలో నోరు విప్పని కుర్రవాడు, పక్కవాడు వేళ తప్పుగా రాసుకుంటుంటే వాడి పెన్ను పట్టుకుని ఆపి "నో, నో! సెవెన్ థర్టీ! నాట్ సెవెన్ థర్టీన్!" అని గట్టిగా అన్నాడు. వాడికి ఆ క్షణంలో ఇంగ్లీషు మాట్లాడుతున్నానన్న ధ్యాసే లేదు, బస్సు వేళ సరిచేయాలన్న ఆరాటమే ఉంది. ఆ ఆరాటం పుట్టించే పనిని ఎంచుకోవడమే మన నేర్పు.

మూడు జాగ్రత్తలు కూడా చెప్పాలి. గదిలో చప్పుడు అవుతుంది. పక్క తరగతి ఉపాధ్యాయులకు ముందే ఒక మాట చెప్పి, మీరు చెయ్యి ఎత్తితే పిల్లలందరూ చేతులెత్తి మాట ఆపే అలవాటు మొదటి వారంలోనే నేర్పండి. పిల్లలు మధ్యలో తెలుగులోకి వెళ్ళిపోతారు. అలా వెళ్ళినప్పుడు కోప్పడకుండా ఆ మాటకు ఇంగ్లీషు అందించండి. ఇక, అందరినీ అడిగేటప్పుడు ప్రశ్న వేసిన తరువాత మనసులో ఐదు వరకు లెక్కపెట్టండి. అమెరికాలోని సైన్సు తరగతులను గమనించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తున్నాయని 1970లలోనే చూపారు. సొంత భాషలో మాట్లాడే పిల్లలకే మూడు సెకన్లు కావలసివస్తే, పరాయి భాషలో వాక్యం కూర్చుకునే మన పిల్లలకు ఐదు ఇవ్వడం ఎక్కువేమీ కాదు.

ప్రశ్న: ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినపడకూడదని మా ప్రధానోపాధ్యాయులు అంటారు. అలా చేస్తే పిల్లలకు ఏమీ అర్థం కావడం లేదు. తెలుగు వాడవచ్చా? — ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

జవాబు: వాడవచ్చు. అయితే ఎక్కడ వాడాలో తెలిసి వాడాలి. "ఓపెన్ యువర్ బుక్స్", "కమ్ టు ది బోర్డ్", "హూ ఈజ్ ఆబ్సెంట్?" వంటి రోజూ వచ్చే మాటలకు తెలుగు అవసరం లేదు, పది రోజులు చేతులతో సైగ చేస్తూ చెబితే పిల్లలకు పట్టుబడిపోతాయి. కథను వాక్యం వాక్యం తెలుగులోకి మార్చి చెప్పడం అసలే వద్దు, ఎందుకంటే తెలుగు వస్తుందని తెలిసిన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యాన్ని వినడమే మానేస్తాడు. కొత్త ఆట నియమాలు చెప్పేటప్పుడు, "హానెస్ట్", "ఫ్రీడమ్" వంటి బొమ్మ గీసి చూపలేని మాటలు వచ్చినప్పుడు, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి, మళ్ళీ ఇంగ్లీషులో ఒకసారి చెప్పండి. చివరగా చెవిలో పడేది ఇంగ్లీషే కావాలి.

తెలుగు అన్నింటికన్నా ఎక్కువగా పనికివచ్చేది రెండు భాషల వాక్య నిర్మాణాన్ని పక్కపక్కన పెట్టి చూపడానికి. మన పిల్లలు చేసే తప్పులలో చాలా వరకు తెలివితక్కువ తప్పులు కావు, తెలుగు వ్యాకరణాన్ని నిజాయితీగా పాటించడం వల్ల వచ్చినవి. "మా నాన్న రైతు" అనే వాక్యంలో క్రియ లేదు, అందుకే "మై ఫాదర్ ఫార్మర్" అంటారు. "నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు" అన్నప్పుడు తెలుగులో నాలుగు చోట్లా "నాకు" వస్తుంది. ఇంగ్లీషులో అవి వరుసగా "ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ వాంట్, ఐ హావ్ టూ సిస్టర్స్" అవుతాయి. బోర్డును నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు ఈ నాలుగూ తెలుగులో రాసి, ప్రతి "నాకు" కింద గీత గీసి, కుడి వైపు ఇంగ్లీషు వాక్యాలు రాసి, ప్రతి "ఐ" కింద గీత గీయండి. "చూశారా, మన నాకు అక్కడ ఐ అయింది" అని ఒక్క మాట చాలు. తరువాత "నాకు భయంగా ఉంది", "నాకు మామిడిపండు ఇష్టం" వంటివి పిల్లలనే ఇంగ్లీషులో అనమనండి. కొందరు పిల్లలు "ఐ యామ్ లైక్ మ్యాంగో" అంటారు. అప్పుడు "యామ్" ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చెప్పడానికి మీకు మంచి సందర్భం దొరికినట్లే. పదేళ్ళ క్రితం నన్ను ఎవరైనా ఒకే ఒక్క వ్యాకరణ పాఠం చెప్పమని అడిగి ఉంటే ఇదే చెప్పేవాణ్ణి, ఇప్పుడు అడిగినా ఇదే చెబుతాను.

ఇంకో సౌకర్యం మీ బల్ల మీదే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ఇతర సబ్జెక్టుల పుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండేలా అచ్చవుతున్నాయి. పిల్లలు సాధారణంగా ఒక వైపే చూసి రెండో వైపును వదిలేస్తారు. సైన్సు పుస్తకంలో ఒక పేరా తెలుగులో చదివించి, "ఇందులో కిరణజన్య సంయోగక్రియకు ఎదుటి పేజీలో ఏ మాట వాడారు? ఆవిరి అవుతుంది అన్నదానికి ఏ మాట ఉంది?" అని వెతికించండి. విషయం ముందే తెలిసినప్పుడు ఇంగ్లీషు వాక్యం భయపెట్టదు. మీ ప్రధానోపాధ్యాయుల గారికి ఈ పాఠం ఒకసారి చూపించండి. వారి ఆందోళన, పీరియడంతా తెలుగులోనే గడిచిపోతుందేమోనన్నది, అది అర్థం లేని ఆందోళన కాదు.

ప్రశ్న: మా పిల్లల ఉచ్చారణ బాగుపడాలంటే ఏం చేయాలి? — ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అన్నీ సరిచేయబోకండి. ఎదుటివారికి మాట అర్థం కాకుండా చేసే తప్పులు కొన్నే ఉంటాయి, వాటిని పట్టుకోండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక మనం "బస్సు", "పెన్ను", "బుక్కు" అంటాం. ఇంగ్లీషు వాక్యంలో చివరి అచ్చు వదిలేయమని చెప్పి, నాలుక అక్కడే ఆపి చూపించండి. "ఎగ్"ను "యెగ్" అని, "ఓన్లీ"ని "వోన్లీ" అని పలకడం కూడా మన అలవాటే. తెలుగు "వ" ఒకటే కాబట్టి ఇంగ్లీషులోని రెండు ధ్వనులు కలిసిపోతాయి. "వెరీ" అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగలాలి, "వాటర్" అన్నప్పుడు పెదవులు ఈల వేసినట్లు గుండ్రంగా రావాలి. అద్దం తెచ్చి ఒక్కొక్కరిని చూసుకోమనండి. "పెన్" అనేటప్పుడు పెదవుల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుంటే అది కదలాలి. మన "పలక"లోని "ప" పలికితే అంతగా కదలదు. ఈ ప్రయోగానికి పిల్లలు ఎంత ముచ్చట పడతారో చేసి చూస్తే తెలుస్తుంది. భూతకాలపు క్రియల చివర వచ్చే ధ్వని మూడు రకాలుగా ఉంటుందని తప్పక నేర్పండి: "వాక్ట్", "ప్లేడ్", "వాంటిడ్". "లుక్‌డ్" అని అక్షరం అక్షరం పలకడం మన బడులలో తరతరాలుగా వస్తున్న అలవాటు.

ప్రశ్న: ఆరో తరగతికి వచ్చిన పిల్లలలో పదిమందికి ఇంగ్లీషులో చిన్న మాట కూడా చదవడం రాదు. ఏబీసీడీలు మాత్రం గడగడా చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఉపాధ్యాయిని, అనంతపురం జిల్లా

జవాబు: చిక్కు ఆ గడగడా చెప్పడంలోనే ఉంది. తెలుగులో అక్షరం పేరు, అక్షరం ధ్వని ఒకటే. "క" పేరు "క", పలికేదీ "క". అందుకే "క, ల, ప" అని వరుసగా పలికితే "కలప" వచ్చేస్తుంది. ఈ అనుభవం ఉన్న పిల్లవాడు "సీ, ఏ, టీ" అని పలికి "క్యాట్" ఎందుకు రాలేదో తెలియక నిలబడిపోతాడు. ఇంగ్లీషులో అక్షరాలు 26, ధ్వనులు ఇంచుమించు 44. అక్షరాల పేర్లను కొన్నాళ్ళు పక్కన పెట్టి ధ్వనులతో మొదలుపెట్టండి. మొదట ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల ధ్వనులు చాలు: స్, యా, ట్, ప్, ఇ, న్. ఈ ఆరింటితోనే "సిట్, పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, న్యాప్, స్పిన్" వంటి మాటలు పిల్లలే కూర్చి చదవగలుగుతారు. అట్టముక్కల మీద ఒక్కో అక్షరం రాసి, ఆరుగురు పిల్లలకు ఇచ్చి, మీరు మాట చెప్పగానే వరుసలో నిలబడమనండి. "టిన్" అన్నప్పుడు ముగ్గురు ముందుకు వస్తారు. వరుస మారి "నిట్" అయితే "నిట్ వద్దు, టిన్!" అని మిగతా పిల్లలే సరిచేస్తారు. "ది, వాజ్, సెడ్, వన్" వంటి మాటలు ధ్వనులకు లొంగవు కనుక వాటిని బొమ్మను గుర్తుపట్టినట్లు చూసి గుర్తుపట్టేలా రోజుకు రెండు చొప్పున గోడ మీద పెట్టండి.

రెండో దారి, పిల్లలకు ఇదివరకే చెవికి తెలిసిన మాటలు. మీ ఊరి పిల్లవాడికి మోటారు, స్టార్టరు, ఫ్యూజు, పైపు, ట్రాన్స్‌ఫార్మరు, ఛార్జరు, రీఛార్జి, టాబ్లెట్టు, ఇంజెక్షను అన్నీ తెలుసు. ఆ మాటలు ఇంగ్లీషు లిపిలో ఎలా ఉంటాయో మాత్రం చూడలేదు. ఇళ్ళ నుంచి సబ్బు, బిస్కెట్టు, టీపొడి ఖాళీ ప్యాకెట్లు తెమ్మనండి. పురుగుమందు డబ్బాలు మాత్రం తేవద్దని గట్టిగా చెప్పండి. ప్యాకెట్ మీద ధర ఎక్కడ ఉంది, తయారైన తేదీ ఎక్కడ ఉంది, ఎన్నాళ్ళు వాడవచ్చు అన్నవి వెతకడం చదువే. 1920లలో ఢాకాలో ఇంగ్లీషు బోధించిన మైకేల్ వెస్ట్, చాలామంది పిల్లలు మధ్యలోనే బడి మానేస్తారు కనుక, ఎప్పుడు మానేసినా అప్పటిదాకా నేర్చుకున్నది చేతికి పనికొచ్చేలా ఉండాలని వాదించారు. బీమా పాలసీని మధ్యలో వదులుకుంటే చేతికి వచ్చే సొమ్ముతో ఆయన దాన్ని పోల్చారు. పదో తరగతి దాటకుండానే పనిలోకి వెళ్ళే పిల్లలు మీ తరగతిలో ఉంటే, మందు చీటీ మీద తేదీ చదవగలగడం వారికి పద్యం అప్పజెప్పడం కన్నా ముందు రావాలి.

ఈ పదిమందికి రోజూ వేరుగా గంట కేటాయించడం మీకు కుదరదు. మిగతావాళ్ళు రాతపనిలో ఉన్నప్పుడు 12 నిమిషాలు వీరితో కూర్చోండి, రోజూ తప్పకుండా. వారానికి ఒకరోజు గంటసేపు చేయడం కన్నా ఇది మేలు.

ప్రశ్న: నాకు 140 నోటు పుస్తకాలు దిద్దవలసి ఉంటుంది. ఎర్ర సిరాతో నింపినా పిల్లలు అవే తప్పులు చేస్తున్నారు. — ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: వారానికి ఒకే రకం తప్పు దిద్దండి. ఈ వారం భూతకాలపు క్రియలు అని ముందే తరగతిలో చెప్పి, వాటినే చూడండి. వచ్చే వారం "ఎ, యాన్, ది". తప్పు చోట సరైన రూపం రాయకండి, గీత మాత్రం గీసి పక్క మార్జిన్‌లో ఒక గుర్తు పెట్టండి. పిల్లవాడే దాన్ని సరిచేసి మళ్ళీ చూపించాలి. అన్ని పుస్తకాలూ ఒకే రోజు కాకుండా రోజుకు 28 చొప్పున ఐదు రోజులకు పంచుకోండి. మాట్లాడేటప్పుడు మాత్రం ఈ పద్ధతి వద్దు. "యెస్టర్‌డే ఐ గో టు మార్కెట్" అన్న పిల్లను ఆపకుండా, "ఓ, యూ వెంట్ టు ది మార్కెట్? వాట్ డిడ్ యూ బై?" అని అడగండి. సరైన రూపం ఆమె చెవిలో పడింది, మాట తెగలేదు. కొంతమంది తల్లిదండ్రులు పుస్తకంలో ఎర్ర గీతలు తక్కువగా కనిపిస్తే దిద్దలేదని అనుకుంటారు. మొదటి పేరెంట్స్ మీటింగులోనే మీ పద్ధతి వివరించండి.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు రాదు. మా పాప నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో నేనేమైనా సాయం చేయగలనా? — ఒక తల్లి, కర్నూలు

జవాబు: తప్పకుండా చేయగలరమ్మా. పాప ఈ రోజు బడిలో చదివిన ఇంగ్లీషు పేజీని బయటికి చదవమనండి, మీరు వినండి. చదివాక, "ఇందులో ఏం జరిగింది? తెలుగులో చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే అర్థమైనట్లు, తడబడితే ఏ మాట దగ్గర తడబడిందో పెన్సిలుతో చుక్క పెట్టి మర్నాడు టీచరును అడగమనండి. రోజుకు పది నిమిషాలు చాలు. పడుకునే ముందు మీకు తెలిసిన కథలను తెలుగులో చెప్పడం ఆపకండి. కథలో ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని ఊహించడం నేర్చుకున్న పిల్ల ఇంగ్లీషు కథలో కూడా అవే వెతుక్కుంటుంది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని ఎవరైనా చెబితే, మీకు రాని భాషలో పాపతో ముభావంగా ఉండడం కన్నా, వచ్చిన భాషలో నిండుగా మాట్లాడడమే మంచిదని వారికి చెప్పండి.